కేబినెట్ జిల్లుమంటోందన్నారుగా, అక్కణ్నుంచి మొదలుపెడదాం

ప్రశ్న:

సార్, మాది భీమవరం. వయసు 30. హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాను. నాన్నగారి రొయ్యల చెరువుల మీద ఫోనుతో వీడియోలు తీసి, తెలుగు సబ్‌టైటిల్స్ వేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. శని, ఆదివారాలు గేమ్స్ ఆడతాను. 2018లో అసెంబుల్ చేయించిన కంప్యూటరే ఇప్పటికీ వాడుతున్నాను. ఐ5-8400 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్. లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, కేబినెట్‌తో పాటు వచ్చిందే. ఆన్ చేస్తే లేవడానికే అయిదు నిమిషాలు పడుతోంది. విండోస్ 11 ఎక్కనంటోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతుంది. వెనకవైపు చెయ్యి తగిలితే కేబినెట్ జిల్లుమంటుంది కూడా, అది అలవాటైపోయింది.

రెండేళ్లుగా ఒక లిస్టు రాసుకుంటూ వస్తున్నాను. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్, దానికి తగ్గ బోర్డు, 32 జీబీ డీడీఆర్5, 2 టీబీ జెన్5 ఎస్‌ఎస్‌డీ, 360 ఎంఎం లిక్విడ్ కూలర్, గాజు కేబినెట్, ఆర్‌జీబీ ఫ్యాన్లు, 32 అంగుళాల 4కే 144 హెర్ట్జ్ మానిటర్, బ్లూ స్విచ్ మెకానికల్ కీబోర్డు, 8000 హెర్ట్జ్ మౌస్, వైఫై 7 రూటర్, రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ డబ్బా), రాస్ప్‌బెర్రీ పై 5 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. మొత్తం 3 లక్షల 80 వేలు తేలింది. చేతిలో ఉన్నది లక్షా పది వేలు. మిగతాది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? మా ఆవిడకి ఏడో నెల. వచ్చే నెల పురిటికి పుట్టింటికి వెళ్తుంది. ఆ గ్యాప్‌లో మొత్తం సెట్ చేసేద్దామనుకుంటున్నాను. ఏది ముందు కొనమంటారు?

సమాధానం:

మీ లిస్టు రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది సరదాకే, అబద్ధమెందుకు. 2003 ప్రాంతంలో నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక చిన్న అసెంబ్లింగ్ షాపులో పనిచేశాను. అప్పుడూ కుర్రాళ్లు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి వచ్చేవాళ్లు. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్, 17 అంగుళాల మానిటర్. ఆ కాగితాల్లో ఎప్పుడూ కనపడనివి రెండే, మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్. ఇరవై ఏళ్లు దాటాయి, మీ కాగితంలోనూ అవి లేవు. పద్నాలుగు వస్తువులు రాశారు. 300 వాట్లు తాగే గ్రాఫిక్స్ కార్డుని దేనికి తగిలిద్దామనుకున్నారు స్వామీ?

అది తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. "కేబినెట్ జిల్లుమంటుంది, అది అలవాటైపోయింది" అన్నారు. అలవాటు చేసుకోవాల్సిన విషయం కాదది. ప్రతి ఎస్‌ఎంపీఎస్ లోపలా కరెంటులోని చెత్తని వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్‌కీ బాడీకీ మధ్య, ఇంకోటి న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య. వాటిలోంచి లీకయ్యే కాస్త కరెంటు ప్లగ్గు మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం, అంటే ఓ 115 వోల్టులు, కేబినెట్ రేకు మీదే నిలబడిపోతుంది. ఆ దారిన పారగలిగే కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రస్తుతానికి జిల్లుమని ఊరుకుంటోంది. ఏదో ఒకరోజు లోపల ఒక వైరు ఒలిచి రేకుకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉన్న ఇంట్లో అయితే వెంటనే ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో ఏమీ జరగదు, మీరు ముట్టుకునేదాకా.

కాబట్టి లిస్టులో మొదటి నంబరు ఎలక్ట్రీషియన్‌ది. మీ గది ప్లగ్గులో మీటరు పెట్టమనండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే సరే. మీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది. అందుకే పాతకాలం ఎలక్ట్రీషియన్లు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూస్తారు, అది నిండుగా వెలిగితేనే నమ్ముతారు. ఆ పని ఆయన చెయ్యాలి, మీరు కాదు. తప్పు ఎక్కడైనా ఉండొచ్చు. మీ గదికి ఎర్త్ వైరే లాగి ఉండకపోవచ్చు, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల ఎడాప్టర్‌లో గుచ్చి ఉండొచ్చు, పెరట్లో ఎర్త్ గుంట ఎండిపోయి ఉండొచ్చు. ఉప్పు, బొగ్గు వేసి గుంట తవ్వించాక దానిమీద ఎండాకాలం నాలుగు బిందెల నీళ్లు పొయ్యాలన్న సంగతి ఇల్లు కట్టినవాళ్లకే గుర్తుండదు. గుంట ఉన్న చోట అంట్లు తోముకునే రోజుల్లో ఆ సమస్యే లేదు, ఇప్పుడు అక్కడ కూడా టైల్స్ వేసేశారు.

ఒక్కటి మాత్రం చెయ్యనివ్వకండి. కొందరు ప్లగ్గులోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపేసి "అయిపోయింది సార్" అంటారు. జిల్లు నిజంగానే ఆగిపోతుంది. కానీ ఆ న్యూట్రల్ వెనకెక్కడో తెగిన రోజు మీ కేబినెట్ మొత్తం ఫేజ్ అయిపోతుంది. ఉన్న ప్రమాదం కన్నా అది పెద్దది. ఎలాగూ మనిషి ఇంటికొస్తాడు కాబట్టి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కాస్త లీకయినా లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా చూపించండి. లేకపోతే పెట్టించండి. నాలుగు నెలల్లో ఇంట్లో పసిబిడ్డ ఉంటాడు, ఏడాది తిరక్కుండానే ప్లగ్గుల్లో వేళ్లు పెడతాడు. అన్నట్టు, స్పైక్ గార్డులు కూడా సరిగ్గా పనిచెయ్యాలంటే ఎర్త్ ఉండాలి. అది లేకుండా వేలు పోసి కొన్న స్పైక్ గార్డు చాలావరకు లైటు వెలిగే ఎక్స్‌టెన్షన్ బాక్సే.

ఆయన ఉండగానే ఇన్వర్టర్ సంగతి కూడా తేల్చేయండి. ఇళ్లల్లో వాడే చాలా ఇన్వర్టర్లకి వెనకవైపునో ముందువైపునో ఒక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌కీ మామూలు మోడ్‌కీ మార్చుకునేది. మామూలు మోడ్‌లో కరెంటు పోగానే బ్యాటరీ మీదకి మారడానికి ఇన్వర్టర్ కాస్త తీరుబడిగా కదులుతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఆ కనురెప్పపాటు తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం కరెంటు లేకుండా 16, 17 మిల్లీసెకన్లకి మించి ఊపిరి బిగబట్టలేదు. అదీ మంచిదైతే. మీ దగ్గరున్నలాంటిది అంత కూడా ఆగదు. స్విచ్ యూపీఎస్ మోడ్‌కి మార్చి, కంప్యూటర్ ఆన్‌లో ఉంచి మెయిన్ ఆపి చూడండి. అంతటితో సమస్య తీరిపోయే అవకాశం బాగానే ఉంది, పైసా ఖర్చు లేదు. అయితే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం అయ్యుండాలి. పాత స్క్వేర్ వేవ్ రకం అయితే కరెంటు పోగానే ఫ్యాన్లు గుయ్యిమంటాయి, మీకే తెలిసిపోతుంది. అలాంటిదైతే కంప్యూటర్‌కి విడిగా 1000 వీఏ యూపీఎస్ తీసుకోండి. దానిమీద రాసే వీఏని వాట్లు అనుకోకండి, 1000 వీఏ అంటే సాధారణంగా 600 వాట్లు.

ఇక విండోస్ 11. దీనికోసం మొత్తం మార్చాలని ఎవరో మీకు చెప్పినట్టున్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేసిన మాట నిజమే. కానీ విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం నుంచీ ఎక్కుతుంది, మీ ఐ5-8400 సరిగ్గా ఆ ఎనిమిదో తరమే. గడప దాటడానికి టికెట్ ఉంది, జేబులోంచి తియ్యలేదు మీరు. విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగులు, అంటే బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ పీటీటీ అన్న ఆప్షన్ ఆన్ చెయ్యండి, విండోస్ 11 టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు అడిగే చోట అదే పనికొస్తుంది. డిస్కులో భాగాల చిట్టా పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే కొత్త పద్ధతి జీపీటీకి మార్చి, బూటింగ్‌ని కూడా కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐకి పెట్టాలి. మార్చే టూల్ విండోస్‌లోనే ఉంది, పేరు ఎంబీఆర్2జీపీటీ. ఫొటోలు, చెరువుల వీడియోలు ముందు వేరే చోట కాపీ చేసుకున్నాకే ఆ పనికి దిగండి. మీరు ఆడే వాటిలో వాలరెంట్ ఉంటే, విండోస్ 11 మీద అదీ ఇవే అడుగుతుంది, టీపీఎం, సెక్యూర్ బూట్.

అయిదు నిమిషాలకి గానీ లేవకపోవడానికి కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్‌డిస్క్. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు డిస్కులో అక్కడా ఇక్కడా వెతుకుతుంది. తిరిగే డిస్కు అలాంటి వెతుకులాటలు సెకనుకి ఓ వంద చెయ్యగలదు. తిరిగే ముక్కలేమీ లేని మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పదివేలల్లో చేస్తుంది. మీరు రాసిన జెన్5, అంటే అయిదో తరం ఎస్‌ఎస్‌డీ సెకనుకి పదివేల ఎంబీ పైనే చదువుతుంది నిజమే. మీ బోర్డులో పెడితే అది జెన్5గా పరిగెత్తదు, కొత్త బోర్డులో పెట్టినా విండోస్ లేవడంలో, గేమ్ లోడవడంలో జెన్4కీ దానికీ తేడా మీరు గడియారం పెట్టి చూస్తే తప్ప తెలియదు. పైగా వేడెక్కుతుంది. 1 టీబీ చాలు. ముందు బోర్డు విప్పి చూడండి. హెచ్310 బోర్డుల్లో కొన్నిటికి ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే ఎం.2 స్లాట్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎక్కుతుందా, నెమ్మదైన సాటా రకమేనా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. ఎన్‌వీఎంఈ ఎక్కేట్టయితే మామూలు జెన్4 తీసుకోండి, రేపు కొత్త బోర్డులోకి మారుతుంది. లేదంటే సాటా ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్‌డిస్క్‌ని పారెయ్యకండి, పాత వీడియోలు దాచుకోవడానికి అదే కొట్టు గది.

ర్యామ్ ఇంకో 8 జీబీ స్టిక్ వెయ్యండి. డీడీఆర్4, 2666. రెండు స్టిక్కులుంటే సామర్థ్యం పెరగడమే కాదు, ప్రాసెసర్‌కి రెండు వరసల రోడ్డు దొరుకుతుంది. ర్యామ్ ధరలు 2025 చివర్నుంచి మండిపోతున్నాయి. ఏఐ సర్వర్లకి మెమరీ అమ్ముకుంటే వచ్చే లాభం మనకమ్మితే రాదు కాబట్టి తయారీదార్లు అటు తిరిగారు. క్రూషియల్ పేరుతో ఇళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అందుకని ఈ ఒక్క దాంట్లో సెకండ్ హ్యాండ్‌కి వెళ్లమంటాను. ర్యామ్ అంత తేలిగ్గా అరిగిపోయే సరుకు కాదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం ఒక రాత్రంతా నడిపించి, తప్పులు సున్నా వస్తే ఉంచుకోండి, ఒక్కటి వచ్చినా తిరిగిచ్చేస్తానని ముందే మాట్లాడుకోండి. ఎస్‌ఎస్‌డీ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. అది రాసేకొద్దీ అరుగుతుంది.

వీడియో ఎడిటింగ్ నత్తనడక నడుస్తోందని మీరు రాయలేదు గానీ, ఫోన్లో తీసిన 4కే క్లిప్పుల్ని 8 జీబీ ర్యామ్ మీద, హార్డ్‌డిస్క్ మీద కోస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పై రెండూ మారాక ప్రాక్సీలు పెట్టుకోండి. అంటే పెద్ద క్లిప్పులకి చిన్న నకళ్లు తీసి, కత్తిరింపులన్నీ నకళ్ల మీద చేసుకుని, చివర్న అసలు వాటితో ఎక్స్‌పోర్ట్ ఇవ్వడం. రాత్రి పడుకునేటప్పుడు ప్రాక్సీలకి పెడితే పొద్దున్నకి సిద్ధంగా ఉంటాయి. ఆక్వా రైతుల వీడియోకి ఇంతకన్నా గుర్రబ్బలం అక్కర్లేదు.

మీ లిస్టులో నేను మారు మాట్లాడకుండా ఒప్పుకునేది ఒకటుంది, 4కే మానిటర్. రోజుకి ఎనిమిది గంటలు ఆఫీసు పని, ఆపైన తెలుగు సబ్‌టైటిల్స్. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో నాలుగంతస్తులు. 22 అంగుళాల 1080పీ తెర మీద చిన్న సైజులో అవన్నీ నాలుగైదు చుక్కల్లో ఇరుక్కుని అలుక్కుపోతాయి. ఇంగ్లిష్ అక్షరానికి ఆ ఇబ్బంది అంతగా లేదు, అందుకే రివ్యూలు చేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అయితే 32 అంగుళాలు వద్దు, 27 తీసుకోండి. రెండింటిలోనూ ఉన్న చుక్కలు ఒకటే, 3840 బై 2160, దాదాపు 83 లక్షలు. 27లో అవి అంగుళానికి 163 పడతాయి, 32లో 138. మీకున్న 22 అంగుళాల దాంట్లో నూటికి కాస్త అటూఇటూ. ఐపీఎస్ ప్యానల్, 60 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకి 60 సార్లు మారేది) చాలు. 144 హెర్ట్జ్ అన్న మాట తీసేస్తే ధర దిగొస్తుంది. మీ 1050 టీఐ డిస్‌ప్లే పోర్టు మీద 4కే 60 హెర్ట్జ్ బాగానే చూపిస్తుంది. గేములు మాత్రం 1080పీలో పెట్టుకోండి. 4కేలో దానికి సరిగ్గా నాలుగు రెట్లు చుక్కలున్నాయి కాబట్టి బొమ్మ మరీ మసకబారదు. మానిటర్ పదేళ్ల సామాను. లోపల డబ్బా రెండుసార్లు మారినా అది బల్ల మీదే ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొద్దాం. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే వాటి మీద 450 వాట్లు అని స్టిక్కర్ ఉంటుంది. షాపులో ఉన్నప్పుడు మేం వాటిని చేత్తో తూచేవాళ్లం. మంచిది ఇటుకలా బరువుంటుంది, ఇది పేలాల పొట్లంలా తేలుతుంది. అలాంటిది పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ తీసుకుపోయిన కేసులు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి. 5070 టీఐకి ఎన్‌విడియా చెప్పే లెక్క 750 వాట్లు. రేపెప్పుడో ఆ కార్డు కొంటారు కదా, దానికి సరిపడేది ఇప్పుడే తీసుకోండి. 750 లేదా 850 వాట్లు, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు వృథా తక్కువన్న గుర్తు), ఏటీఎక్స్ 3.1 (కొత్త కార్డులకి తగ్గ ప్రమాణం), కనీసం ఏడేళ్ల వారంటీ. పెద్దది కొంటే కరెంటు ఎక్కువ కాలుతుందన్న భయం వద్దు, మిషన్ ఎంత అడిగితే అంతే లాగుతుంది.

ఇక్కడిదాకా ఎర్తింగు, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, మానిటర్. వారం వారం ధరలు మారుతున్నాయి కాబట్టి పైసలతో సహా చెప్పను గానీ, మీ లక్షా పది వేలల్లో ఓ సగం మిగలాలి. మిగిలింది కదలనివ్వకండి. పురుడు సాధారణంగా అవుతుందని అనుకుని ఆపరేషన్ అయిన ఇళ్లు, మూడు రోజులనుకుని పిల్లని బాక్సులో పెట్టిన ఇళ్లు మీకూ తెలుసు.

గ్రాఫిక్స్ కార్డు, రైజెన్, కొత్త బోర్డు, డీడీఆర్5, ఈ నాలుగూ ఒక మూట. విడదీసి కొనలేరు. 5070 టీఐని తీసుకెళ్లి ఐ5-8400 పక్కన కూర్చోబెడితే, ఎద్దుకి ట్రాక్టరు కట్టినట్టుంటుంది. రైజెన్ 9000 వరస కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 దాటాక కూడా నడిపిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి తొందరేం లేదు, మీరు ఆగినా బండి వెళ్లిపోదు. అప్పుడు కూడా 9800ఎక్స్3డీ గురించి మళ్లీ ఆలోచించండి. అది గేములకే ప్రత్యేకించి చేసిన చిప్పు. 4కేలో గేమ్ ఆడేటప్పుడు బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ తేడా చాలా తగ్గిపోతుంది. వారానికి రెండ్రోజుల ఆటకి రైజెన్ 5 7600 పెట్టి మిగిలిన డబ్బు కార్డు మీద వెయ్యడం మేలు. 65 వాట్ల చిప్పు, కూలర్ పెట్టెలోనే వస్తుంది. జీటీఏ 6 కోసం ఇప్పట్నుంచే సిద్ధమవుతున్నట్టయితే, దాన్ని ఇప్పటిదాకా ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే. పీసీకి తేదీ చెప్పలేదు.

ఇంకో సంగతి, ఆ గదిలో ఏసీ ఉందా? 300 వాట్ల కార్డు, మిగతావి కలిపి ఆటాడుతున్నంతసేపూ 450 వాట్లు వేడిగా గదిలోకే వస్తాయి. మే నెల భీమవరం ఉక్కలో చిన్న రూమ్ హీటర్ పెట్టుకుని కూర్చున్నట్టు. మూడు గంటలకి 1.35 యూనిట్లు. లిక్విడ్ కూలర్ పెట్టినా ఆ వేడి గది దాటిపోదు, ప్రాసెసర్ మీంచి తీసి మీ మొహం మీదకి ఊదుతుంది. గది 36 డిగ్రీలుంటే నీళ్లూ 36 పైనే ఉంటాయి కదా. మంచి ఎయిర్ కూలర్ చాలు. దాని ఫ్యాను పోతే అయిదొందలో వెయ్యో పెట్టి మార్చుకుంటారు, లిక్విడ్ దాంట్లో పంపు పోతే మొత్తం మార్చాలి.

గాజు కేబినెట్ అసలు వద్దు. ఆర్‌జీబీ మీద నాకు పగేం లేదు, మా వాడి గదిలో నవరాత్రి మండపంలా వెలుగుతుంటుంది. నా భయం గాజు గురించే. టెంపర్డ్ గ్లాసు చాలా గట్టిది గానీ, దాని అంచు టైల్ నేలకి చిన్నగా తగిలినా మొత్తం ఒక్కసారిగా చెక్కెర పలుకుల్లా రాలిపోతుంది. శుభ్రం చెయ్యడానికి పలక విప్పి నేలమీద నిలబెట్టి పోగొట్టుకున్నవాళ్లు కొల్లలు. మీ ఇంట్లో టైల్సే ఉండుంటాయి, దోగాడే బిడ్డ రాబోతున్నాడు. రేకు కేబినెట్ తీసుకోండి, దుమ్ము జాలీలు ఉన్నది. పవర్ బటన్ పైన ఉన్నదైతే ఇంకా మంచిది. కింద ఉంటే అది వాడి మొదటి బొమ్మ అవుతుంది.

బ్లూ స్విచ్ కీబోర్డు నేనూ కొన్నాను ఒకప్పుడు. మూడో రోజు రాత్రి మా అమ్మ తలుపు తీసి, "ఏంట్రా ఆ టకటక, టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టావా?" అంది. మీ ఇంట్లో అడిగేది అమ్మ కాదు, అప్పుడే నిద్రపోయిన పసిబిడ్డ. చప్పుడు తక్కువుండే రెడ్ స్విచ్‌లు తీసుకోండి, అదీ స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే హాట్ స్వాప్ రకం. మోజు మారితే మొత్తం కీబోర్డు మార్చక్కర్లేదు. ఇది రెండు మూడు వేలల్లో తీరే కోరిక. మొదటి విడతలోనే తీర్చేసుకోండి, అన్నీ వద్దంటే నన్ను తిట్టుకుంటారు. 8000 హెర్ట్జ్ మౌస్ తేడా 60 హెర్ట్జ్ తెర మీద వెతికినా దొరకదు.

వైఫై 7 రూటర్ అన్నారు, మీ నెట్ ప్లాన్ ఎంతో రాయలేదు. వంద ఎంబీపీఎస్ ప్లాన్ అయితే పైపు కన్నా పెద్ద కుళాయి బిగించినట్టే. రూటర్ హాల్లో టీవీ పక్కన ఉండి, మీ గది రెండు గోడల అవతల ఉంటే 20 మీటర్ల క్యాట్6 కేబుల్ కొని గోడ వెంబడి లాగించండి. పిడుగులు పడేటప్పుడు ప్లగ్గుతో పాటు ఆ కేబుల్ కూడా పీకెయ్యండి.

నాస్ గురించి ఒకే మాట. రెండు డిస్కుల్లో ఒకటే రాసుకోవడం బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో దాంట్లోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ అయినా అంతే, పిడుగు అయినా అంతే. నా పెళ్లి వీడియో ఉన్న ఏకైక హార్డ్‌డిస్క్ బల్ల మీంచి జారిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అప్పట్నుంచీ రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, ఒకటి మా ఇంట్లో, ఒకటి అత్తారింట్లో. పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకుంటాం. పుట్టబోయే బిడ్డ ఫొటోలకి మీరూ అదే చెయ్యండి, నాస్ కన్నా ఖర్చు తక్కువ.

రాస్ప్‌బెర్రీ పై నాకిష్టం. 2012లో మొదటిది వచ్చినప్పటినుంచీ మూడు కొన్నాను, మూడూ ప్రస్తుతం సొరుగులో ఉన్నాయి. "ఏదైనా చెయ్యాలి" అని కొన్నవి సొరుగులోకే వెళ్తాయి. మీకైతే ఒక పని ఉంది, చెరువు దగ్గర. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు కరెంటు పోయి ఆగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చెయ్యడం. అర్ధరాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి ఏమవుతుందో నాన్నగారికి తెలుసు. అయితే దానికి పై 5 అక్కర్లేదు. అది 5 వోల్టులు 5 ఆంపియర్ల సొంత ఎడాప్టర్ అడుగుతుంది. చిన్నది, పై జీరో 2 డబ్ల్యూ సరిపోతుంది. చెరువు గట్టున బ్యాటరీ మీద నడవాలి కాబట్టి తక్కువ తాగేదే మంచిది. మీ పద్నాలుగు వస్తువుల్లో డబ్బు తిరిగి తెచ్చే అవకాశం ఉన్నది ఇదొక్కటే, దాన్ని చివర్న రాశారు.

ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అంటారు గానీ బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు అంత డిస్కౌంట్ ఇచ్చి సరిపెడతాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కడతారు. రొక్కం ఇస్తే తగ్గేది తగ్గదు, కార్డు లిమిట్ ఆమేరకు నెలల తరబడి బ్లాక్ అయిపోతుంది, సరిగ్గా ఆసుపత్రి కౌంటర్ దగ్గర అవసరమైన నెలల్లో.

ఏది కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు సీలు దగ్గర్నుంచీ ఆపకుండా వీడియో తియ్యండి. గ్రాఫిక్స్ కార్డు మార్కెట్ కన్నా మరీ తక్కువకి వస్తోందంటే ఇండియా వారంటీ ఉందా అని అడగండి.

ఆవిడ పుట్టింటికెళ్లిన గ్యాప్‌లో సెట్ చేసేస్తానన్నారు. 27 అంగుళాల మానిటర్‌ని పరుపు కింద దాచలేరు కదా. ఈ ఉత్తరం చూపించే అడగండి. ఎర్తింగు, ఆర్‌సీసీబీ ఉన్నాయి కాబట్టి ఆవిడ ఒప్పుకుంటుందనే నా నమ్మకం. మానిటర్‌కి కూడా ఒప్పుకుంటే అది మీ అదృష్టం.

ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా తడిచేత్తో, చెప్పుల్లేకుండా ఆ కేబినెట్ ముట్టుకోకండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు ఎంత చూపించిందో నాకు రాయండి.